మూత పడని కూజా

బడిలో కీటకాహార మొక్కల పాఠం చదివినవాళ్లకు నెపంథిస్ బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఆకు చివర సన్నటి తీగ, తీగ చివర కూజా, కూజాకో మూత. ఈగ లోపలికి జారగానే ఆ మూత టప్పున పడిపోతుందని నేను చాలా ఏళ్లు నమ్మాను. అడిగి చూస్తే నా స్నేహితుల్లో సగం మంది ఇప్పటికీ నమ్ముతున్నారు. పడదు. కూజా ఎదిగేదాకా మూసి ఉన్న మూత ఒక్కసారి విచ్చుకుంటుంది, ఇక ఆ కూజా ఎండిపోయేదాకా మళ్లీ మూసుకోదు. టప్పున మూసుకునేది వీనస్ ఫ్లైట్రాప్. అది అమెరికాలో కరోలినా తీరపు చిత్తడి నేలల మొక్క, దాని కుటుంబమే వేరు.

మరి కదలని మూత దేనికి? చాలా జాతుల్లో అది గొడుగు. వాన నీళ్లు పడి లోపలి రసం పలచబడకుండా కాస్తుంది. అడుగువైపు తేనె చెమర్చి పురుగుల్ని రప్పిస్తుంది. ఇంతవరకూ లెక్క బాగానే ఉంది. కానీ ఫిలిప్పీన్స్‌లో ఒక కొండ కొమ్మున పెరిగే జాతి ఈ లెక్కనూ తప్పిస్తుంది. దాని మూత కిందికి వంగదు, వెనక్కి నిటారుగా నిలబడి ఉంటుంది. కూజా నోరు నేరుగా ఆకాశంలోకి తెరిచి ఉంటుంది. వాన ఎంత కురిస్తే అంతా లోపలికే. దాని పేరు నెపంథిస్ అటెన్‌బరోయి.

2009లో ఈ మొక్క లోకానికి పరిచయమైనప్పుడు పత్రికలు దాన్ని ‘ఎలుకల్ని తినే మొక్క’ అన్నాయి. ఆ మాటలో నిజమెంతో తర్వాత చూద్దాం. నన్ను పట్టుకున్నది ఎలుక కాదు, ఆ మొక్క కాళ్ల కింది మట్టి. అది అక్కడే ఎందుకుంది, పురుగుల్ని ఎందుకు పడుతుంది, రేపు దానికి ముప్పు ఎటునుంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నల కొసలూ ఆ మట్టిలోనే ఉన్నాయి.

పలావన్ ఫిలిప్పీన్స్‌కు పడమటి అంచున, బోర్నియో వైపు చాచిన చెయ్యిలా ఉండే పొడవాటి దీవి. దాని నడుమ విక్టోరియా అనే కొండ ఉంది, ఎత్తు 1,726 మీటర్లు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరమకొండ సుమారు 1,680 మీటర్లు, అంటే మరీ అందనంత ఎత్తేమీ కాదు. కష్టమంతా చేరడంలోనే. 2000లో ఆ కొండెక్కబోయిన ఇద్దరు క్రైస్తవ మిషనరీలు దారి తప్పి 13 రోజులు అడవిలో తిరిగారు. బతికి బయటపడ్డాక వాళ్లు చెప్పిన వాటిలో ఒకటి, పైన చాలా పెద్ద కూజాలున్న మొక్కలు చూశామని. ఆ మాట పట్టుకుని 2007లో స్టూవర్ట్ మెక్‌ఫెర్సన్, అలస్టేర్ రాబిన్సన్, ఫోల్కర్ హైన్రిక్ స్థానిక దారి చూపరులతో కలిసి కొండెక్కారు. మొక్క కనిపించింది. 2009లో లిన్నియన్ సొసైటీ వృక్షశాస్త్ర పత్రికలో కొత్త జాతిగా వర్ణించి, ప్రకృతి చిత్రాలతో ఇంటింటికీ తెలిసిన డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టారు.

సుమారు 1,450 మీటర్ల ఎత్తు నుంచి కొమ్ముదాకా, అంతే దాని రాజ్యం. నెపంథిస్ జాతుల్లో చాలావరకు చెట్లనల్లుకుని పైకి పాకే తీగలు. ఇది పాకదు. పాకడానికి అక్కడ చెట్టంటూ ఉండాలిగా? చుట్టూ ఉన్నవన్నీ నడుమెత్తు, మహా అయితే మనిషెత్తు పొదలు. వాటి మధ్య ఇది కూడా ఒకటిన్నర మీటరు దాకా పెరిగే పొద. లావుపాటి కాండం, తోలులాంటి దళసరి ఆకులు. కూజాలు గంట ఆకారంలో ఉంటాయి, ఎత్తు పాతిక సెంటీమీటర్ల దాకా, వెడల్పు పన్నెండు దాకా. కొన్నిటిలో ఒకటిన్నర లీటరు నీళ్లు పడతాయి. మంచినీళ్ల సీసా కన్నా పెద్ద పాత్రను ఒక ఆకు మోస్తోందన్నమాట.

చెట్లు ఎందుకు లేవు? చలికి కాదు. ఉష్ణమండలంలో ఆ ఎత్తున అడవి నిక్షేపంగా పెరుగుతుంది. అక్కడి రాయి వేరు. సముద్రపు అడుగుకు కూడా దిగువన, భూమి లోపలి పొర అయిన మాంటిల్‌కు చెందిన పెరిడొటైట్ అనే బరువైన రాయి, భూఫలకాలు ఢీకొన్నప్పుడు పైకి నెట్టుకొచ్చి కొండలైంది. బోర్నియోలోనూ, పలావన్‌లోనూ ఇలాంటి కొండలున్నాయి. ఆ రాయి అరిగితే వచ్చే మట్టిలో మెగ్నీషియం, ఇనుము దండిగా ఉంటాయి. నికెల్, క్రోమియం మొక్కలకు విషమయ్యే స్థాయిలో ఉంటాయి. కావలసిన భాస్వరం, పొటాషియం, కాల్షియం మాత్రం అడుగంటి ఉంటాయి. మన రైతు భాషలో చెప్పాలంటే యూరియా, డీఏపీ, పొటాష్ మూడూ లేని చేను, పైగా ఎవరో అందులో విషం కలిపారు. మామూలు అడవి చెట్టు అక్కడ మొలిచినా గిడసబారిపోతుంది. గిడసబారినచోట ఎండ నేలదాకా దిగుతుంది. కొండ కొమ్ము కనుక మబ్బు తరచూ తగులుకుంటూ ఉంటుంది, తేమకు కొదవ లేదు.

ఎండ పుష్కలం, నీరు పుష్కలం, ఎరువు శూన్యం. పురుగుల్ని పట్టే మొక్కలు లోకంలో ఎక్కడ చూసినా దాదాపు ఈ మూడూ కలిసినచోటే కనిపిస్తాయి. మన తూర్పు కనుమల్లో తడి రాతిచాపల మీదా, సారం లేని చెమ్మనేలల్లోనూ మెరిసే, జిగురు బొట్లతో పురుగుల్ని అంటించుకునే డ్రాసిరా మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. ఎందుకలా అన్నది 1984లో థామస్ గివ్నిష్, ఆయన సహచరులు వ్యాపారి లెక్కలా వేసి చూపించారు. కూజా కట్టడం ఖర్చుతో కూడిన పని. ఆకుగా విప్పితే ఎండ తాగి పిండిపదార్థం చేసే కణజాలాన్ని చుట్ట చుట్టి పాత్రగా మలిస్తే, ఆ పని మందగిస్తుంది. నీడలో ఉన్న మొక్కకు అసలే ఎండ తక్కువ, ఈ నష్టం తట్టుకోలేదు. సారమున్న నేలలో ఉన్న మొక్కకు ఎరువు వేళ్లకే దొరుకుతుంది, పాత్ర అక్కర్లేదు. ఎండా నీళ్లూ ఉండి ఎరువు మాత్రమే లేనిచోట ఈ పెట్టుబడి గిట్టుబాటవుతుంది.

ఇక్కడే ఇంకో అపోహ. ఈ మొక్క పురుగును అన్నంగా తినదు, ఎరువుగా వాడుకుంటుంది. దాని అన్నం అన్ని మొక్కల్లాగే ఎండలోంచే వస్తుంది. పురుగు నుంచి తీసుకునేది నత్రజని, భాస్వరం వగైరా. మాంసాహార మొక్క అన్న పేరే మనల్ని పక్కదారి పట్టిస్తోందని నాకు అనిపిస్తుంది. పులితో పోల్చుకుంటాం, పోల్చవలసింది ఎరువు కొట్టుతో.

కూజా పనిచేసే తీరును దగ్గరగా చూద్దాం. మూతి చుట్టూ మెరిసే గట్టి అంచు ఒకటి ఉంటుంది. సన్నగాజుల్ని పక్కపక్కన బిగించి పేర్చినట్టు దాని మీద గీతలుంటాయి. ఆ గీతల లోపల కంటికి కనిపించని ఇంకా సన్నటి గీతలు. లోపలి కొసన తేనె. ఎండ కాసిన మధ్యాహ్నం ఒక చీమ వస్తుంది. అంచు మీద చక్కగా నడుస్తుంది, తేనె తాగుతుంది, దిగి వెళ్లిపోతుంది. కూజా విఫలమైనట్టే కదా? చీమ పుట్టకు చేరి తోటివాళ్లకు దారి చెబుతుంది. ఈలోగా వాన పడుతుంది, లేదా సాయంత్రం మంచు చెమ్మ దిగుతుంది. అంచు నీటిని పూసలుగా నిలవనివ్వదు, గీతల వెంట పల్చటి పొరలా పరుచుకునేలా లాగేస్తుంది. చీమ పాదాల అంటుగద్దెలకూ అంచుకూ మధ్య నీటిపొర చేరిందంటే పట్టు పోయినట్టే. వాన నిలిచిన రోడ్డు మీద వేగంగా వెళ్లే బండి టైరు జారినట్టు జారుతుంది. ఇప్పుడు వచ్చేది ఒక్క చీమ కాదు, వరస.

అంచు తడిస్తేనే ప్రమాదమని 2004లో హోల్గర్ బోన్, వాల్టర్ ఫెడర్లే తేల్చారు. పొడిగా ఉన్నప్పుడు వదిలేయడం లోపం కాదనీ, మొదట వచ్చిన వేగుచీమను ప్రాణాలతో పంపితేనే తర్వాత గుంపు దొరుకుతుందనీ 2015లో ఉల్రికే బావర్ బృందం చూపించింది. వాళ్లు పరిశీలించినవి బోర్నియో వైపు జాతులు. అయినా అంచు నిర్మాణం ఈ కుటుంబంలో చాలా జాతులకు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి విక్టోరియా కొండ మీద మబ్బులో తడిసే కూజా ఎలా పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

పడ్డాక ఏమవుతుంది? కొన్ని జాతుల్లో లోపలి గోడకు పైభాగాన మైనం పొడి ఉంటుంది, కాళ్లు ఆనవు. కింద రసం. దాన్ని నీళ్లనుకుంటే పొరపాటు. నెపంథిస్ రఫ్లేసియానా అనే జాతి రసాన్ని వేళ్ల మధ్య లాగితే తీగ సాగుతుంది, పాకంలాగా. అందులో ఈగ ఎంత గింజుకుంటే అంత చుట్టుకుంటుంది. ఆ రసాన్ని పదింట తొమ్మిది పాళ్లకు పైగా నీళ్లే అయ్యేంతగా పలచబరచినా ఆ జిగి పోదని 2007లో లారన్స్ గోమ్, యోయెల్ ఫోర్టేర్ పరిశోధనలో తేలింది. మొదట్లో వదిలేసిన మూత ప్రశ్నకు ఇక్కడ ఒక ఆనవాలు దొరుకుతుంది. అటెన్‌బరోయి కూజాల్లో రసం రెండంతస్తులుగా ఉంటుంది. పైన వాన నీళ్లలా పల్చగా, అడుగున పాకంలా చిక్కగా. నోరు తెరుచుకుని ఉండటం వల్ల కూజా తరచూ నిండుకుండే. పైన పల్చటి నీళ్లలో దోమ లార్వాలు, ఇంకా రకరకాల చిన్న జీవులు హాయిగా కాపురముంటాయి. చచ్చిన పురుగుల్ని అవి కొరికి, విసర్జించి, ముక్కలు చేసి కిందికి పంపుతాయి. అడుగున గ్రంథుల నుంచి వచ్చే ఎంజైములు మిగతా పని చూసుకుంటాయి. ఎవరిల్లు ఎవరిదో చెప్పడం కష్టం.

ఇక ఎలుక. కూజా ఒకటిన్నర లీటరుదైతే అందులో చిన్న ఎలుక మునిగి చావడం అసాధ్యమేమీ కాదు. బోర్నియోలో కినబాలు కొండ మీది నెపంథిస్ రాజా కూజాలో చచ్చిన ఎలుకను చూశామని 19వ శతాబ్దపు యాత్రికులే రాశారు. అయితే అది ప్రమాదం, భోజన పద్ధతి కాదు. ఎలుకల కోసమే కూజా అంత పెద్దదైందని అనుకోవడానికి ఆధారం లేదు. నిజంగా చిన్న జంతువులకూ పెద్ద కూజాలకూ ఉన్న సంబంధం బయటపడినప్పుడు అది పత్రికల శీర్షికల కన్నా చిత్రంగా తేలింది. బోర్నియో కొండల్లో నెపంథిస్ లోవి అనే జాతి ఉంది. దాని మూత అడుగున తెల్లటి తీపి ముద్ద ఊరుతుంది. ట్రీ ష్రూ అనే, ఉడతంత జంతువు దాన్ని నాకడానికి కూజా మూతి మీద ఎక్కి కూర్చుంటుంది. నాకుతూ నాకుతూ కూజాలోకి మలవిసర్జన చేసి వెళ్లిపోతుంది. మూతకూ కూజా నోటికీ మధ్య దూరం సరిగ్గా ఆ జంతువు శరీరం కొలతకు సరిపోతుంది, వేరేలా కూర్చునే వీల్లేదు. ఎదిగిన లోవి మొక్కల ఆకుల్లోని నత్రజనిలో 57 నుంచి 100 శాతం ఈ మరుగుదొడ్డి ఆదాయమేనని 2009లో చార్లెస్ క్లార్క్ బృందం లెక్క తేల్చింది. అటెన్‌బరోయిని లోకానికి పరిచయం చేసిందీ ఆ ఏడే. ఎలుకను తినే మొక్క ప్రపంచమంతా పాకింది, పాయిఖానా మొక్క అంతగా పాకలేదు.

నెపంథిస్‌లను ఒక్క గాటన కట్టలేం. ఆంపుల్లారియా అనే మైదాన జాతి పైనుంచి రాలే ఆకుల మీద కూడా బతుకుతుంది. దాని కూజాలు నేల మీద గురిగెల్లా గుంపుగా ఉంటాయి. మలేసియాలో వాటిలో బియ్యం పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, మన కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టెక్కలు వేసినట్టు. చుట్టూ దొరికే ఎరువును బట్టి కూజా మారిపోతుంది. కీటకమా, రాలిన ఆకా, రెట్టా, ఏది దొరికితే దానికి తగ్గ పాత్ర.

ఇంకా ఒక చిక్కుంది. అదే కొండ ఎందుకు? పక్క కొండ మీద ఎందుకు లేదు? పలావన్‌లో పక్క కొండ మీద ఉన్నది దీని దాయాది. దక్షిణాన మంతలింగహాన్ కొండ మీద నెపంథిస్ మంతలింగహానెన్సిస్, గంటుంగ్ కొండ మీద గంటుంగెన్సిస్, థంబ్ పీక్ మీద డీనియానా. శిఖరానికో జాతి. పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కనుక, చల్లటి గాలికి అలవాటుపడిన మొక్కకు ప్రతి శిఖరమూ ఒక దీవి. వేడి మైదానాలే దాని సముద్రం. నెపంథిస్ విత్తనం దారప్పోగులా సన్నగా, గాలికి ఎగిరేంత తేలిగ్గా ఉంటుంది. ఎగిరినా పడేది ఎక్కువగా వేడి లోయలోనో, దట్టమైన అడవి నీడలోనో. ఎంతో కాలం ఇలా విడివిడిగా బతికితే ఒకే పుట్టింటి అక్కచెల్లెళ్లు మాట తీరు మారినట్టు మారిపోతాయి.

మారిపోయాయని చెప్పడం ఎవరి పని? అక్కడా గొడవే. నెపంథిస్ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి, పుట్టిన పిల్లలకూ విత్తనం పడుతుంది. నర్సరీల్లో వేలాడే కుండీలో అమ్మే వెంట్రాటా అలాంటి సంకరమే, దాని తల్లిదండ్రులిద్దరూ ఫిలిప్పీన్స్ కొండల వాళ్లే. కాబట్టి ‘కలవలేనివే వేర్వేరు జాతులు’ అన్న పాఠ్యపుస్తకపు సూత్రం ఇక్కడ పనికిరాదు. కూజా ఆకారం, అంచు తీరు, మూత నిలబడే విధం, ఎక్కడ పెరుగుతుందన్నదీ కలిపి తీర్పు చెప్పాలి. తీర్పుకు ఆధారం హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల్ని దాచే చోట, అట్టకు అంటించిన నమూనా. 1908లో వర్ణించిన డీనియానా నమూనాలు మనీలాలో ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ హెర్బేరియం కాలిపోవడంతో పేరు మిగిలింది, పోల్చుకోవడానికి మొక్క లేకుండా పోయింది. మళ్లీ దాన్ని థంబ్ పీక్ మీద వెతికి పట్టుకున్నది కూడా 2007 యాత్రలోనే. కొత్తదాన్ని కొత్తదనడానికి పాతదేదో ముందు తెలియాలి కదా.

ఇంకోటి, ఈ మొక్కల్లో ఆడ, మగ వేరు. ఒక గుబురులో పది మొక్కలుంటే అన్నీ మగవి కావచ్చు. పక్క గుబురులో ఆడది ఉండి, రెండూ ఒకేసారి పూసి, ఈగో మరో పురుగో అటూ ఇటూ తిరిగితేనే గింజ. ఇంత ఇరుకు రాజ్యంలో నాలుగు మంచి మొక్కలు ఎవరైనా పెకలించుకుపోతే లెక్కలో తగ్గేవి నాలుగే అయినా నష్టం అంతకు మించి ఉంటుంది. పెకలించేవాళ్లకు లోటు లేదు. అరుదైన కూజా మొక్కలకు ప్రపంచమంతా సేకర్తలున్నారు. ఒక జాతిని కనుగొన్నామని ప్రకటించడమంటే దాని చిరునామా అచ్చువేయడం కూడా. బోర్నియోలో కెలామ్ అనే కొండకే పరిమితమైన నెపంథిస్ క్లిపియాటా సేకర్తల చేతుల్లో దాదాపు అడవిలోంచి మాయమైంది. అటెన్‌బరోయిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది.

వన్యజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్‌లో నెపంథిస్‌లన్నీ ఉన్నాయి. రెండు జాతులు మాత్రం అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో: కినబాలు కొండల రాజా, మన మేఘాలయలోని ఖాసియానా. భారతదేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఖాసియానా ఒక్కటే. అక్కడి గారో తెగవాళ్లు దాన్ని దెయ్యం బుట్ట అనే అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. మిగతా నెపంథిస్‌లతోపాటు అటెన్‌బరోయి రెండో అనుబంధంలో ఉంది. తెలుగువాళ్లకు ఈ జాబితా పరాయిది కాదు. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమి అనే మొక్క మొదటి అనుబంధంలో, అదే కొండల ఎర్రచందనం రెండోదాంట్లో ఉన్నాయి. ఒక గుట్టల వరస, సారం లేని రాతినేల, మరెక్కడా పెరగని మొక్క, దాని కోసం రాత్రిపూట దిగేవాళ్లు. కథ మనకు బాగా తెలిసిందే. తేడా ఒకటి. ఎర్రచందనం దొంగకు కావలసింది దుంగ. పలావన్‌లో మట్టికీ గిరాకీ ఉంది.

ఎందుకంటే మొక్కకు కావలసిన పోషకాలు కరువైన ఆ మట్టిలో నికెల్ ఉంది. వానలు లక్షల ఏళ్లుగా ఆ రాతిలోంచి మెగ్నీషియాన్నీ సిలికానూ కడిగి తీసుకుపోతే, ఇనుము, నికెల్ పైపొరల్లో పోగుపడ్డాయి. మొక్కను పురుగుల వేటకు నెట్టిన రసాయనమే గని యజమానిని అక్కడికి రప్పిస్తోంది. స్టెయిన్‌లెస్ స్టీలుకూ, విద్యుత్ వాహనాల బ్యాటరీలకూ నికెల్ కావాలి. దాని ఖనిజం తవ్వే దేశాల్లో ఇండొనేసియా తర్వాతి స్థానం ఫిలిప్పీన్స్‌ది. పలావన్ దక్షిణాన నికెల్ తవ్వకం 1970ల నుంచే సాగుతోంది. ఈ ఖనిజం పైపొరల్లోనే ఉంటుంది కనుక సొరంగం తవ్వరు. అడవి కొట్టేసి, మట్టి గీకేస్తారు. గీకిన చోటికి మళ్లీ అదే మట్టి తెచ్చి పోసినా, కూజా మొక్కకు కావలసిన పొదల తోడు, మబ్బు తడి, రసంలో కాపురముండే జీవులు వెంట రావు.

2012లో కొత్త గని ఒప్పందాలపై పెట్టిన నిషేధాన్ని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2021లో ఎత్తేసింది. 2025లో పలావన్ ప్రావిన్స్ తనంతట తాను కొత్త గనులపై యాభై ఏళ్ల నిషేధం ప్రకటించింది. అది కొత్త దరఖాస్తులకే, పాత అనుమతుల పని సాగుతూనే ఉంటుంది. సైటీస్ కాగితం లేకుండా అటెన్‌బరోయి మొక్క ఒక్కటి కూడా చట్టబద్ధంగా ఓడెక్కదు. అలాంటి కొండల ఎర్రమట్టి మాత్రం ఏ సైటీస్ కాగితమూ అక్కర్లేకుండా, టన్నుల లెక్కన ఎక్కుతోంది.